లేసుల లంచం

మా ఇంట్లో ఖాతాదారులకి పేర్లుండవు, సైజులుంటాయి. "ఆరూ-ఎనిమిది గారు ఫోన్ చేశారు" అంటే ఎడమకాలు ఆరు, కుడికాలు ఎనిమిది ఉన్న పెద్దమనిషి ఫోన్ చేశాడని అర్థం. "నాలుగూ-ఏడుకి పెళ్లి కుదిరిందట" అని మా అత్తగారు కళ్లు తుడుచుకుంటుంటే, కొత్తగా వచ్చిన రోజుల్లో ఇదేదో పిచ్చాసుపత్రి అనుకున్నాను. కొన్నాళ్లకి నేనూ అదే భాషలో పడ్డాను.

మా మావగారు బూట్లు కుడతారు. రెండు కాళ్లూ ఒకే కొలత ఉన్నవాళ్లకి కాదు. "వాళ్లకేం, ఊరంతా దుకాణాలే" అంటారాయన. పుట్టుకతోనో, జబ్బు చేసో, ఏ ప్రమాదంలోనో ఒక కాలు చిన్నదైపోయినవాళ్లకి కుడతారు. అలాంటివాళ్లు మామూలు దుకాణాల్లో రెండు జతలు కొని, ఒక్కో జతలో ఒక్కోటి పారేస్తారు. లేదంటే పెద్ద సైజు కొని, చిన్నకాలి వైపు గుడ్డలు కుక్కుకుని నడుస్తారు. మావగారు ఒక్కొక్కరి పాదాలకి సరిపోయే చెక్క పాదాలు చెక్కి, వాటి మీద తోలు సాగదీసి బిగిస్తారు. తోలు కొయ్యడం, మిషను మీద పైభాగం కుట్టడం మా ఆయన పని. పెట్టెల్లో సర్ది పంపడం అత్తగారి పని. వెబ్‌సైటు నాది.

ఇలాంటి కాళ్లున్నవాళ్లు ఒక్క ఊళ్లో నలుగురో అయిదుగురో ఉంటారు. ఆ నలుగురినీ నమ్ముకుంటే మా పొయ్యి వెలగదు. ఎక్కడెక్కడి నలుగురూ కలిస్తేనే మాకు చేతినిండా పని. వాళ్లంతా మమ్మల్ని ఎలా కనుక్కుంటారు? ఫోన్ తీసి సెర్చ్ ఇంజిన్‌లో రెండు ముక్కలు కొడతారు. అది చూపించినవాళ్లు ఉన్నట్టు, చూపించనివాళ్లు లేనట్టు. మమ్మల్ని చాలాకాలం అందరికంటే పైన చూపించింది. ఆ సెర్చ్ ఇంజిన్‌కి మా అత్తగారు పెట్టిన పేరు పెద్దాయన. ఆర్డర్లు బాగా వచ్చిన రోజున "పెద్దాయన చల్లగా చూశాడమ్మాయ్" అనేవారు. కంప్యూటర్‌కి చేతులు జోడించడం ఒక్కటే తక్కువ.

ఆ పెద్దాయనకి ఒకరోజు మా మీద కోపమొచ్చింది.

ముందు మాకు తెలియలేదు. పొద్దున్నుంచీ ఒక్క ఆర్డరూ లేదు. ఇంటర్నెట్ పోయిందేమోనని కనెక్షన్ ఇచ్చిన అతన్ని పిలిచి చెడామడా తిట్టాను. పాపం, అతని తప్పేమీ లేదు. మర్నాడూ లేవు. అప్పుడు నేనే ఒక ఖాతాదారుణ్ణి అనుకుని మా గురించి వెతికాను. మొదటి పేజీలో లేము. రెండో పేజీలో లేము. పదో పేజీ దాకా వెళ్లాను. పదో పేజీ దాకా వెళ్లేవాళ్లు ఈ లోకంలో దొంగలో పోలీసులో అయ్యుండాలి, మామూలు మనుషులు వెళ్లరు. అక్కడా లేము. మా సైటు తాలూకు ఖాతా తెరిచి చూస్తే నోటీసు కనిపించింది. మీ సైటుకి బయటి నుంచి వస్తున్న లింకులు సహజంగా లేవు, వాటితో మీ స్థానం పెంచుకోవాలని చూశారు, అందుకని చర్య తీసుకున్నాం అని దాని సారాంశం.

మావగారికి చదివి వినిపించాను. ఆయన చెక్క మీద చిత్రిక ఆపి అడిగారు.

"సహజంగా లేవంటే ఏంటమ్మా?"

"మనం దొంగ సిఫారసులు చేయించుకున్నామంటున్నారు మావయ్యా."

"ఎవరిచేత?"

"అదే నాకూ తెలీదు."

ఆయన మళ్లీ చిత్రిక పట్టారు.

మా ఆయన తనకి తెలిసిన ఒకతన్ని పట్టుకొచ్చాడు. ఇలా కింద పడిపోయిన సైట్లని లేపి నిలబెట్టడమే అతని ఉద్యోగం. మేము అతన్ని ర్యాంకుల డాక్టర్ అని పిలిచేవాళ్లం. కుర్రాడే, కానీ వయసుకి మించిన నిట్టూర్పులు. మా పెట్టెలు సర్దే బల్ల మీద లాప్‌టాప్ పెట్టుకుని, ఇచ్చిన కాఫీ చల్లారిపోయేదాకా చూస్తూనే ఉన్నాడు. చివరికి తల పైకెత్తాడు.

"'రెండు కాళ్లకి రెండు సైజుల బూట్లు నమ్మకంగా కుట్టేది వీళ్లే.' ఈ వాక్యం ఎవరు రాశారు ఆంటీ? వందల పేజీల్లో అక్షరం తేడా లేకుండా ఇదే ఉంది. అన్నింటి నుంచీ లింకు మీకే ఉంది."

అత్తగారి మొహం వెలిగిపోయింది.

"నేనే బాబూ! బాగుందా?"

ఆవిడ సంబరంగా లేచి, బల్ల కింద నుంచి ఒక చీటీల కట్ట తీసి అతని ముందు పెట్టారు. ప్రతి పెట్టెలోనూ ఆవిడ ఒక చీటీ వేస్తారని మా అందరికీ తెలుసు. కృతజ్ఞతలు చెప్పే చీటీ కాబోలనుకున్నాం. అందులో ఉన్నది ఇదీ: బూట్లు మీకు సరిపోతే మీ పేజీలో ఈ మాట రాయండి, కింద మా సైటు అడ్రసు పెట్టండి, రాసినవారికి ఒక జత లేసులు మా కానుక.

"జనానికి రాయాలని ఉంటుంది బాబూ, మాటలు దొరకవు. 'ఏం రాయమంటారమ్మా' అని వాళ్లే అడిగేవాళ్లు. అందుకని నేనే ఒక మంచి మాట కట్టి ఇచ్చాను" అన్నారు అత్తగారు.

మా ఖాతాదారులు మహా బుద్ధిమంతులు. జీవితమంతా గుడ్డలు కుక్కుకుని నడిచినవాళ్లకి కాలికి సరిపోయిన బూట్లు దొరికితే కృతజ్ఞత ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు. చెప్పింది చెప్పినట్టు రాశారు. తమ వంటల పేజీల్లో, తోటల పేజీల్లో, పిల్లల ఫొటోల కింద, ఎక్కడ చోటుంటే అక్కడ రాశారు. కొందరు మరీ బుద్ధిమంతులు, "రాసినవారికి ఒక జత లేసులు మా కానుక" అన్నది కూడా కలిపి రాసేశారు.

డాక్టర్ తల పట్టుకున్నాడు. "ఎవరైనా తమ పేజీలో మీ లింకు పెట్టారంటే అది మీకు సిఫారసు. సిఫారసులు ఎక్కువున్నవాళ్లు పైకి వస్తారు. అందుకే కొంతమంది వాటిని కొనుక్కుంటారు. కొన్నట్టు తెలిస్తే మీలా కిందకి తోసేస్తారు."

"మేమేం కొనలేదే!" అన్నాడు మా ఆయన.

"లేసులిచ్చారుగా అన్నా. ఏదో ఒకటి ఇచ్చి రాయించుకుంటే కొన్నట్టే. పైగా అందరిదీ ఒకటే మాట. చూసేవాళ్లకి ఒక్క చెయ్యే కూర్చుని ఇన్ని రాసినట్టు ఉంటుంది."

"లేసులు లంచమా?" అని మా అత్తగారు అడిగిన తీరు నాకిప్పటికీ చెవుల్లో ఉంది. "ఇంకో జత లేసులు చేతిలో ఉంటే మంచిదని పెట్టాను. తెగిపోతాయి కదా బాబూ, లేసులు."

నాకు ఒళ్లు మండిపోయింది. నిజంగా సంచులు సంచులు డబ్బిచ్చి సిఫారసులు కొనేవాళ్లు పైన దర్జాగా కూర్చున్నారు. పట్టుబడింది మాత్రం లేసులిచ్చిన ఆవిడ. పిచ్చుక మీద బ్రహ్మాస్త్రం అంటే ఇదే. కానీ డాక్టర్ చెప్పినదాంట్లో తప్పు పట్టడానికి ఏమీ లేదు. రాసిపెట్టిన నియమం ప్రకారం మేము తప్పు చేశాం. అదే మరీ బాధ.

చెయ్యాల్సిందేమిటో అతనే చెప్పాడు. ఆ మాట రాసినవాళ్లందరిచేతా తీయించెయ్యాలి. తీయడానికి దొరకనివాళ్లవి "వీటితో మాకు సంబంధం లేదు" అని ఒక ఫైలులో పెట్టి పంపాలి. తర్వాత తప్పు ఒప్పుకుని విన్నపం పెట్టుకోవాలి. అప్పుడు శిక్ష ఎత్తేస్తే ఎత్తేస్తారు.

"ఎత్తెయ్యకపోతే?" అన్నారు మావగారు.

"అంకుల్, మీ ఆర్డర్లన్నీ వెతుక్కుంటూ వచ్చేవాళ్లవే. వేరే దారి లేదు."

అంటే దుకాణం మూసుకోవాల్సిందే.

ఫోన్లు తానే చేస్తానని అత్తగారు పట్టుబట్టారు. "అడిగి రాయించుకున్నది నేను. అడిగి తీయించాల్సిందీ నేనే." పెట్టెలు సర్దే పని లేదు కాబట్టి ఆ బల్ల దగ్గరే కూర్చుని, పొద్దున టిఫిన్ అయింది మొదలు ఒకరి తర్వాత ఒకరికి చేసేవారు. నేను పక్కనే ఉండి నంబర్లు కలిపి ఇచ్చేదాన్ని.

ఆరూ-ఎనిమిది గారికి చెవుడు. అందుకని ఆయన ఫోన్ మాటలు గదంతా వినిపిస్తాయి.

"ఏమ్మా, నేను రాసినదాంట్లో తప్పేమైనా ఉందా?"

"తప్పు మీది కాదండీ, నాది."

"బూట్లు బాగున్నాయి, బాగున్నాయని రాశాను. బాగున్నవాటిని బాగున్నాయని చెప్పకూడదా?"

"చెప్పకూడదటండీ" అన్నారు అత్తగారు.

"సరేనమ్మా. మీరు చెప్పమంటే చెప్పాను, వద్దంటే తీసేస్తాను" అని ఫోన్ పెట్టేశాడాయన. ఆ తర్వాత ఎప్పుడూ చెయ్యలేదు. అంతకుముందు ఏ పనీ లేకపోయినా వారానికోసారి చేసి వాతావరణం చెప్పేవాడు.

ఒకావిడ తన బూట్లు వెనక్కి ఇచ్చెయ్యమంటున్నామేమోనని ఏడ్చేసింది. ఇంకొకతను "లేసులు కూడా తిరిగి పంపమంటారా?" అని వెటకారంగా అడిగాడు. అత్తగారికి వెటకారం తెలియదు. "వద్దు నాయనా, ఉంచుకో, తెగితే పనికొస్తాయి" అన్నారు. ఒక నంబరుకి చేస్తే కొడుకు ఎత్తాడు. "నాన్నగారు పోయారండీ. ఆ పేజీ పాస్‌వర్డ్ మాకు తెలీదు. ఆయన్ని మీ బూట్లతోనే పంపించాం" అన్నాడు. అత్తగారు ఫోన్ నా చేతిలో పెట్టేసి లోపలికి వెళ్లిపోయారు. ఆయన పేజీని నేను ఆ ఫైలులో చేర్చాను. చనిపోయిన మనిషి మా గురించి చెప్పిన మంచిమాటకి, దీనితో మాకు సంబంధం లేదని రాసి పంపాను. నాకు ఏడుపొచ్చింది, ఎవరి మీద ఏడవాలో తెలియలేదు.

విన్నపం రాసేటప్పుడు "'పెద్దాయనా, తెలియక చేశాం' అని మొదలుపెట్టమ్మా" అన్నారు అత్తగారు. అలా రాయరని చెప్పి, డాక్టర్ పంపించిన పద్ధతిలో రాశాను. చివర్లో ఒక వాక్యం ఉండాలన్నాడు: మేము ఏదైనా ఇచ్చినవారి నుంచి మా సైటుకి ఒక్క లింకు కూడా ఇప్పుడు లేదు. అత్తగారికి చదివి వినిపించాను. ఆ వాక్యం దగ్గర రెండోసారి చదవమన్నారు. చదివాను. పంపేశాం.

జవాబు రావడానికి వారాలు పట్టింది. ఈలోపు ఇల్లు ఎలా ఉందో చెప్పాలి. తోలు వాసన పోయింది. అది పోయాకే తెలిసింది, అన్నాళ్లూ ఇంట్లో ఆ వాసన ఉండేదని. మా ఆయన సోఫాలు చేసే చోట పనికి కుదిరాడు, తోలు కొయ్యడం వచ్చినవాడు కాబట్టి తీసుకున్నారు. మావగారు మాత్రం ఏ ఆర్డరూ లేకపోయినా చెక్క పాదాలు చెక్కుతూ కూర్చునేవారు. "ఇవెవరివి మావయ్యా?" అని అడిగితే "ఎవరైనా వస్తారేమోలే" అనేవారు.

వచ్చిన జవాబు ఇది. మీ విన్నపం పరిశీలించాం, సహజంగా లేని లింకులు ఇంకా ఉన్నాయి. ఏవో చెప్పరు. పన్ను నొప్పని వెళ్తే "నోట్లోనే ఉంది, చూసుకోండి" అని పంపించేసే డాక్టర్ని ఎక్కడైనా చూశారా?

మా డాక్టర్ మళ్లీ వచ్చాడు. చీటీ మాట ఉన్నవి ఇంకా కొన్ని దొరికాయి. "ఇవి తీయించండి. ఇలా సొంతంగా రాసినవి మాత్రం ముట్టుకోవద్దు. అసలు మిమ్మల్ని పైన నిలబెట్టింది ఇవే" అని నాలుగూ-ఏడు పేజీ చూపించాడు.

నాలుగూ-ఏడు బడిలో టీచర్. చీటీలు మొదలుకాక ముందే, ఎవరూ అడగకుండా, ఆ అమ్మాయి తన పేజీలో పెద్ద వ్యాసం రాసింది. పిల్లలు తన కాళ్లు చూడకుండా ఏళ్ల తరబడి బల్ల వెనకే నిలబడి పాఠం చెప్పడం, మా బూట్లు వేసుకున్న మొదటి రోజున బల్ల ముందుకి రావడం, వెనక బెంచీలో పిల్ల "టీచర్, మీరింత పొడుగా?" అని అడగడం. చదివినవాళ్లు ఇంకొకళ్లకి పంపారు. ఆసుపత్రుల వాళ్లు, ఫిజియోథెరపీ వాళ్లు తమ సైట్లలో దాన్ని చూపించారు. దాన్ని చదివి మా దగ్గరకొచ్చినవాళ్లకి లెక్కలేదు. డాక్టర్ ఈ సంగతి చెబుతున్నంతసేపూ అత్తగారు పక్కనే ఉన్నారు.

చివర్లో అదే వాక్యంతో రెండో విన్నపం పెట్టాం. ఈసారి శిక్ష ఎత్తేశారు.

ఆ రోజు మధ్యాహ్నం మా ఆయన సోఫాల పని సగంలో వదిలేసి ఇంటికొచ్చేశాడు. మావగారు మిషనుకి నూనె వేశారు. నేను ఫోన్ చార్జింగులో పెట్టి, సౌండు పెంచి, బల్ల మధ్యలో పెట్టాను. అత్తగారు పెట్టెలన్నీ తుడిచి, ఒకదాని మీద ఒకటి పేర్చారు. అందరం ఆ ఫోన్ వంక చూస్తూ కూర్చున్నాం. సాయంత్రందాకా ఒకే ఒక్కసారి మోగింది. ఎవరో బ్యాంకువాళ్లు, అప్పు కావాలా అని.

మర్నాడూ లేదు, ఆ వారమూ లేదు. వెతికి చూస్తే ఆరో పేజీలో ఎక్కడో ఉన్నాం. మొదటి స్థానంలో ఒక పెద్ద దుకాణం ఉంది. రెండు జతలు ఒకేసారి కొంటే తగ్గింపు ఇస్తామంటోంది. మా ఖాతాదారులు మా దగ్గరికి రాకముందు ఏడుస్తూ చేసిన పనే అది.

డాక్టర్‌కి ఫోన్ చేస్తే లాప్‌టాప్ తెరిచి చూసి, "వదినా, నాలుగూ-ఏడు గారి పేజీ ఏది?" అన్నాడు.

నేను చూశాను. లేదు. దానిలాంటివి ఇంకో నాలుగైదు ఉండాలి, అవీ లేవు.

"రెండో విన్నపానికి ముందు నేనే తీయించాను" అన్నారు అత్తగారు వెనక నుంచి.

ఫోన్ నా చేతిలో అలాగే ఉండిపోయింది.

"ఎందుకత్తయ్యా? అవి ఉంచమన్నాడు కదా!"

"ఆ అమ్మాయి పెళ్లికి తెల్ల లేసులు పంపాను. చీటీతో కాదులే, ఊరికే ముచ్చటపడి పంపాను. మిగతావాళ్లకీ ఎప్పుడో ఒకప్పుడు ఏదో ఒకటి పంపినదాన్నే. ఏదైనా ఇచ్చినవాళ్ల లింకు ఒక్కటి కూడా లేదని నీ చేత రాయించారు. సంతకం నువ్వు పెట్టావు. ఇచ్చి కూడా ఇవ్వలేదని నీ చేత అబద్ధం ఎలా చెప్పించనమ్మా?"

అది అబద్ధం కాదనీ, పెళ్లికిచ్చిన కానుక వేరు, రాయించుకోవడానికిచ్చింది వేరనీ డాక్టర్ ఫోన్‌లో చెబుతూనే ఉన్నాడు. శిక్ష పోయినంత మాత్రాన పాత స్థానం రాదు, ఆ స్థానం ఇచ్చినవే పోయాయి, ఇప్పుడు మీరు నిన్న పుట్టిన సైటుతో సమానం అని కూడా చెప్పాడు. మావగారు మొత్తం విన్నారు. "కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడింది" అని, లేచి వెనక గదిలోకి వెళ్లి తలుపు వేసుకున్నారు.

నేను అత్తగారి మీద కోపం తెచ్చుకోవాలని గట్టిగా ప్రయత్నించాను. ఒక పూట మాట్లాడకుండా ఉండగలిగాను. అబద్ధం చెప్పడం రాని మనిషి మీద ఎంతసేపని కోప్పడతాం?

నాలుగూ-ఏడుకి నేనే ఫోన్ చేశాను. తీసేసిన వ్యాసం మళ్లీ పెట్టమని అడిగాను.

"ఆంటీ అంత బతిమాలితే మొత్తం చెరిపేశాను అక్కా. కాపీ కూడా ఉంచుకోలేదు" అంది.

"మళ్లీ రాయగలవా?"

"మొన్న కూర్చున్నాను. అప్పుడు ఏడుస్తూ రాశాను కదా, దానంతటదే వచ్చింది. ఇప్పుడు హోంవర్కులా ఉంది. అయినా ప్రయత్నిస్తాలే అక్కా."

పాపం రాసింది కూడా. నాలుగు పేరాలు. అందులో అన్నీ ఉన్నాయి, బల్ల ఉంది, బెంచీ ఉంది, పిల్ల ఉంది. ఎవరూ ఎవరికీ పంపలేదు. పాత వ్యాసం కనపడకపోయేసరికి ఆసుపత్రుల వాళ్లు తమ పేజీల్లోంచి దాని లింకు ఎప్పుడో తీసేశారు. మళ్లీ పెట్టమంటే ఎవరిని అడగాలో కూడా మాకు తెలియదు.

మా ఆయన సోఫాల దగ్గరే స్థిరపడిపోయాడు. మిషను ఖాళీగా ఉంటే చెడిపోతుందని, అమ్మకానికి ఉందని ఒక ప్రకటన పెట్టాం. బ్యాగులు కుట్టే అతను చూడటానికి వచ్చాడు. గేటు దగ్గర నుంచి గుమ్మం దాకా అతను నడిచి వచ్చిన చప్పుడు విని, మావగారు తల తిప్పకుండానే అడిగారు.

"ఎడమకాలిలో గుడ్డ పెట్టావా, దూది పెట్టావా బాబూ?"

అతను గుమ్మంలోనే ఆగిపోయాడు. "గుడ్డేనండీ. మీకెలా తెలుసు?"

"కూర్చో. విప్పు."

ఏడూ-తొమ్మిది. మా వెనక వీధిలోనే కాపురం ఉంటున్నాడు. పెళ్లి కాకముందు నుంచీ అక్కడే ఉంటున్నాడట. గోడకి వేలాడుతున్న చెక్క పాదాల జతలు, ఒకటి పెద్దది ఒకటి చిన్నది, చూసి దగ్గరికెళ్లి ఒకదాన్ని చేత్తో తడిమాడు.

"ఇన్నాళ్లూ ఇక్కడే ఉన్నారా మీరు? నేను ఈ మధ్య నెలల తరబడి ఎంత వెతికానో తెలుసా? రెండు జతలు కొనుక్కోమని చూపించేది. ఇలా కుట్టేవాళ్లు అసలు లేరేమో అనుకున్నాను."

మా ఇంటి ముందు బోర్డు లేదు. ఎప్పుడూ అవసరం పడలేదు.

మావగారు అతని పాదాలు కొలుచుకున్నారు. బేరం కుదిరి మిషను అతని వ్యానులోకి ఎక్కించేశాక, ఆ జత మొత్తం చేత్తోనే కుట్టారు. ఆరెతో తోలుకి బెజ్జం పొడవడం, మైనం రాసిన దారం రెండువైపుల నుంచీ లాగి బిగించడం. మిషను మీద పూటలో అయ్యే పైభాగానికి ఆయనకి చాలా రోజులు పట్టింది. వేళ్లు వాచిపోతే వేడినీళ్లలో పెట్టుకుని మళ్లీ కూర్చునేవారు. ఆయన మొహంలో మళ్లీ కళ వచ్చింది. నాకు ఆ కళ చూస్తే భయం వేసింది, ఈ జత అయిపోయాక ఏమవుతుందోనని.

ఏడూ-తొమ్మిది వచ్చి వేసుకున్నాడు. ముందు గదిలో అటూ ఇటూ నడిచాడు. గేటు దాకా వెళ్లాడు, రోడ్డు దాకా వెళ్లాడు, తిరిగొచ్చాడు. రెండు కాళ్ల చప్పుడూ ఒకేలా వినిపిస్తోంది. నవ్వుతున్నాడు, కళ్లు తుడుచుకుంటున్నాడు, మళ్లీ నవ్వుతున్నాడు.

"బాబాయ్, నా బ్యాగుల పేజీ చాలామంది చూస్తారు. నాలాంటివాళ్లు ఎంతమంది ఉన్నారో! ఇప్పుడే ఫొటో తీసి పెడతాను. ఇక్కడున్నారని అందరికీ తెలియాలి" అని జేబులోంచి ఫోన్ తీశాడు.

అత్తగారు బల్ల దగ్గర నుంచి ఒక్క ఉదుటున వచ్చి ఆ ఫోన్ మీద చెయ్యి వేసేశారు.

"వద్దు నాయనా. నీకు పుణ్యముంటుంది. ఎక్కడా రాయొద్దు. ఎవరికీ చెప్పొద్దు."

అతను బిత్తరపోయాడు. "ఎందుకమ్మా?"

"అత్తయ్యా, ఆయన సొంతంగా రాస్తే తప్పేమీ లేదు. మనకి ఇప్పుడు కావాల్సింది అదే" అన్నాను నేను.

"అప్పుడు కూడా తప్పు లేదనే అనుకున్నాం కదమ్మాయ్" అన్నారావిడ.

మావగారి వైపు చూశాను. ఆయన నేల మీద పడిన దారం ముక్కలు ఏరుకుంటున్నారు. అత్తగారి చెయ్యి ఇంకా ఆ ఫోన్ మీదే ఉంది. అతను ఆ చేతిని తన రెండు చేతులతో పట్టుకుని నెమ్మదిగా కిందకి దించాడు. ఫోన్ జేబులో పెట్టేసుకున్నాడు.

"సరేనమ్మా, మీరు కంగారుపడకండి. మాటిస్తున్నాను. ఎవరికీ చెప్పను."

మంచి మనిషి. ఆ బూట్లతోనే రోజూ మా ఇంటి ముందు నుంచి పనికి వెళ్తాడు, మావగారు గుమ్మంలో కనిపిస్తే చెయ్యి ఊపుతాడు. ఇచ్చిన మాట తప్పలేదు. అతను చెప్పగా మా గేటు తీసుకుని వచ్చినవాళ్లు ఇంతవరకు ఒక్కరూ లేరు.